‘ఎ’ పెట్టాలా, ‘యాన్’ పెట్టాలా: ఇన్‌ఫ్లెక్ట్ లైబ్రరీ సమీక్ష

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, ఆఫర్ లెటర్లు, నోటీసులు ఒకే టెంప్లేట్‌లోంచి వందల కొద్దీ తీసే చోట పేరు, తేదీ, జీతం ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది పెట్టేది హోదా. టెంప్లేట్‌లో ‘వర్క్‌డ్ యాజ్ ఎ’ అని ముందే రాసేసి పక్కన ఖాళీ వదిలితే ‘జూనియర్ అసిస్టెంట్’ దగ్గర సరిపోతుంది, ‘అసిస్టెంట్ ఇంజినీర్’ దగ్గర తప్పుతుంది. ‘ఎ’కీ ‘యాన్’కీ మధ్య గీత పెట్టి రెండూ అచ్చు వేసేయడం చాలా ఆఫీసుల్లో అలవాటు. ఆ గీత చూడగానే కాగితాన్ని ఎవరూ చదవకుండా సంతకం పెట్టారని తెలిసిపోతుంది. ఒక మనిషి పదేళ్ల ఉద్యోగానికి రుజువుగా ఇచ్చే కాగితం మీద అలాంటి మరక ఉండకూడదు.

ఈ పని చేసిపెట్టే సాధనాల్లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అందరికీ ముందు గుర్తొచ్చేది ఇన్‌ఫ్లెక్ట్ అనే లైబ్రరీ, అంటే మన ప్రోగ్రాంలో వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కోడ్. డేమియన్ కాన్వే పెర్ల్ భాషలో రాసిన లైబ్రరీని పైథాన్‌లోకి తెచ్చిన రూపం ఇది. ఎంఐటీ లైసెన్సు కాబట్టి పైసా ఖర్చు లేదు. బహువచనాలు చేయడం, అంకెలను మాటల్లోకి మార్చడం లాంటివి కూడా చేస్తుంది. ఈ సమీక్ష మాత్రం ఆర్టికల్ వరకే, అంటే మాట ముందు ‘ఎ’ వస్తుందా ‘యాన్’ వస్తుందా అనేదాని వరకే. ముందే చెప్పేస్తున్నాం: మామూలు ఇంగ్లిష్ మాటలకు దీన్ని నమ్మొచ్చు. మన ఆఫీసుల్లో రోజూ దొర్లే ఎఫ్‌ఐఆర్ లాంటి పొట్టి పేర్లకు, మన పండుగల పేర్లకు, అంకెలకు మాత్రం దీని ముందు మనం ఒక కాపలా కోడ్ పెట్టుకోవాలి.

వాడకం తేలిక. పైథాన్ లైబ్రరీలు దించే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, ఒక ఇంజిన్ తయారుచేసుకుని, దానిలోని ‘ఎ’ ఫంక్షన్‌కి మాట అందిస్తే చాలు. ‘యాన్’ అనే ఫంక్షన్ కూడా ఉంది, రెండూ చేసేది ఒకటే పని. ‘ఆరెంజ్’ ఇస్తే ‘యాన్ ఆరెంజ్’ వస్తుంది. పొరపాటున ‘ఎ ఆరెంజ్’ అని ఇచ్చినా పాత ఆర్టికల్ తీసేసి సరైనది పెడుతుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. తిరిగొచ్చేది ఆర్టికల్ ఒక్కటే కాదు, మాటతో కలిపి వస్తుంది. ఆర్టికల్ మాత్రమే కావాలంటే మొదటి ఖాళీ దగ్గర విడగొట్టుకోవాలి. రెండోది, ఆర్టికల్ ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే వస్తుంది. వాక్యం మొదట్లో ఉన్న పెద్ద ఏ అక్షరం దీనిలోంచి పోయి వచ్చేసరికి చిన్నదైపోతుంది. పాత ఆర్టికల్ మొదటి అక్షరం పెద్దదో కాదో గుర్తుపెట్టుకుని, చివర్లో మళ్లీ పెద్దది చేయడం మన బాధ్యతే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఆర్టికల్ నడిచేది శబ్దం మీద, ఇన్‌ఫ్లెక్ట్ చూసేది స్పెల్లింగ్‌ని. మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’, హల్లు శబ్దంతో మొదలైతే ‘ఎ’. స్పెల్లింగ్‌లో హెచ్ ఉన్నా ‘అవర్’కి ‘యాన్’, స్పెల్లింగ్‌లో యూ ఉన్నా ‘యూనివర్సిటీ’కి ‘ఎ’. ఉచ్చారణ తెలియని లైబ్రరీ దీన్ని ఎలా పట్టుకుంటుంది? మాట మొదటి అక్షరాలతో పోల్చి చూసే నమూనాలను వరుసగా పేర్చి. మనం చేర్చిన మినహాయింపులు మొదట చూస్తుంది. తరువాత అవర్, ఎయిర్ (వారసుడు), ఆనెస్ట్, ఆనర్ లాంటి హెచ్ పలకని మాటలు, విడి అక్షరాలు, పెద్ద అక్షరాల పొట్టి పేర్లు. ఆ తరువాత హల్లుతో మొదలయ్యేవన్నీ ‘ఎ’. చివరికి అచ్చులు, వాటిలో యూరోపియన్, వన్, వన్స్ లాంటివాటికి విడిగా నమూనాలు. ఏ నమూనా ముందు తగిలితే దానిదే మాట.

ఈ నమూనాల్లో యూ-ఎన్-ఐ మీద రాసినది చూస్తే ముచ్చటేస్తుంది. ఆ మూడక్షరాల తరువాత ఎన్, ఎం, డీ కాక ఇంకేదైనా ఉంటే ‘ఎ’ అంటుంది. అందుకే యూనియన్, యూనిఫాం, యూనిట్, యూనివర్సిటీ అన్నీ ‘ఎ’లోకి వెళ్తాయి. ఎన్ వస్తే అన్‌ఇంటరెస్టింగ్, ఎం వస్తే అన్‌ఇంపార్టెంట్, డీ వస్తే అన్‌ఐడెంటిఫైడ్, ఇవన్నీ ‘యాన్’ మాటలు. ఎం తరువాత ఓ వస్తే మాత్రం యూనిమోడల్, మళ్లీ ‘ఎ’. నిఘంటువు లేకుండా ఒక్క వరుసలో ఇంత తేల్చడం చిన్న విషయం కాదు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాటల్లో దాదాపు అన్నిటికీ ఈ లైబ్రరీ నిలబడేది ఇలాంటి నేర్పు వల్లే.

అదే నేర్పు మన మాటల దగ్గర ఎదురు తిరుగుతుంది. యూ తరువాత బీ, సీ, ఎఫ్, జీ, ఆర్, ఎస్, టీ లాంటి కొన్ని హల్లులు, వాటి వెంట ఒక అచ్చు వస్తే ‘యూ’ శబ్దమే అనుకుంటుంది. యూజర్, యుటెన్సిల్, యూరిన్ దీనితో గట్టెక్కుతాయి. కానీ ఉగాది స్పెల్లింగ్ కూడా యూ-జీ-ఏ. కాబట్టి ‘ఎ ఉగాది గిఫ్ట్’ అని ఇస్తుంది, కావలసింది ‘యాన్ ఉగాది గిఫ్ట్’. ఉసిరి, ఉబర్, ఉరద్ దాల్‌దీ ఇదే గతి. హైదరాబాద్‌లో బోర్డుల మీద తరచూ కనిపించే యునానీకి దీనికి సరిగ్గా తిరగబడ్డ తప్పు జరుగుతుంది: ‘యాన్ యునానీ డాక్టర్’ అంటుంది, ‘ఎ’ రావాలి. ఉప్మా, ఉడుపి, ఉర్దూ మాత్రం క్షేమం.

పొట్టి పేర్ల దగ్గరికి వద్దాం, ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ఎఫ్, హెచ్, ఎల్, ఎం, ఎన్, ఆర్, ఎస్, ఎక్స్ అనే ఎనిమిది అక్షరాలు పేరుగా పలికితే అచ్చుతో మొదలవుతాయి. ఆ అక్షరం తరువాత హల్లు ఉంటే మాటగా పలకడం కష్టం కాబట్టి ఇన్‌ఫ్లెక్ట్ చాలావరకు ‘యాన్’ పెడుతుంది. ఎమ్మెల్యే, ఎంబీఏ, ఎన్నారై, ఆర్డీఓ, ఎంపీడీఓ, ఎస్‌ఎంఎస్ అన్నీ ఒప్పే. తరువాత అచ్చు ఉంటే మాత్రం నాసా, సోనార్ లాగా మాటగా పలుకుతారని ఊహించి ‘ఎ’ పెట్టేస్తుంది. మనమేమో అలాంటివాటిని అక్షరం అక్షరం పలుకుతాం. అందుకే ఎఫ్‌ఐఆర్, ఎల్‌ఐసీ, ఎల్‌ఈడీ, ఎన్‌ఓసీ, ఎస్‌ఐ, ఎంఈఓ, హెచ్‌ఓడీ అన్నిటికీ తప్పు వస్తుంది. డిగ్రీల్లో ఇంకా విడ్డూరం. ఎంబీఏకి, ఎంసీఏకి ‘యాన్’ పెట్టిన లైబ్రరీ ఎంఏకి, ఎంఈడీకి ‘ఎ’ పెడుతుంది. ఒకే సర్టిఫికెట్ల కట్టలో రెండు రకాలుగా ఉంటే తప్పు వెంటనే కంటికి దొరకదు కూడా. యూతో మొదలయ్యే యూపీఐ, యూపీఎస్సీ, యూజీసీ, యూడీసీలకు ‘యాన్’ పెడుతుంది. ‘ఎ’ ఉండాలి.

దీనికి మందు లైబ్రరీలోనే ఉంది. విడి అక్షరం ఇస్తే ఇన్‌ఫ్లెక్ట్ తప్పదు: ఎఫ్‌కి ‘యాన్’, యూకి ‘ఎ’. కాబట్టి మాట మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటే, పూర్తి మాట పంపకుండా మొదటి అక్షరం ఒక్కటే పంపి, వచ్చిన ఆర్టికల్‌ని అసలు మాట ముందు పెట్టాలి. ఎఫ్‌ఐఆర్, ఎంఏ, యూపీఐ అన్నీ ఒక్క దెబ్బతో సర్దుకుంటాయి.

ఇక మిగిలేవి మాటగా పలికే పొట్టి పేర్లు: నాబార్డ్, నీట్, నెఫ్ట్, సెబీ, సిమ్, సిప్, రెరా, హుడా, మెప్మా, నాసా. వీటికో చిన్న జాబితా రాసుకోవాలి. 26 అక్షరాలకూ జాబితా అక్కర్లేదు. ఏ, ఈ, ఐ, ఓలతో మొదలయ్యే పొట్టి పేర్లను అక్షరాలుగా పలికినా మాటగా పలికినా దాదాపుగా ‘యాన్’ మారదు, ఇస్రో అలాంటిదే. బీ, సీ, డీ లాంటి 13 అక్షరాలకు ఎటు పలికినా ‘ఎ’నే. ఎంచుకోవలసింది ఆ ఎనిమిది అక్షరాల దగ్గర, యూ దగ్గర మాత్రమే. యూలో గుర్తుంచుకోవలసినది ఉడాన్, దానికి ‘యాన్’. ఒక జిల్లా ఆఫీసు వాడకానికి ఈ జాబితా ఒక పేజీ దాటదు.

ఈ నియమంతో ఒక ప్రమాదం ఉంది. సర్టిఫికెట్ శీర్షిక, నోటీసు తలకట్టు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అక్కడ ‘నోటీస్’ అనే మాట కూడా పొట్టి పేరులా కనిపించి ‘యాన్ నోటీస్’ అయిపోతుంది. వాక్యంలో ఒక్క చిన్న అక్షరమైనా ఉంటేనే ఈ నియమం పనిచేసేలా షరతు పెట్టాలి.

మినహాయింపులు చేర్చడానికి లైబ్రరీలోనే డెఫా, డెఫాన్ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి. మొదటిది ‘ఎ’కి, రెండోది ‘యాన్’కి. ఉగాది, ఉబర్, యునానీ లాంటి మాటలకు ఇవి చక్కగా సరిపోతాయి. ఒక మెలిక తెలిసి ఉండాలి. మనమిచ్చిన నమూనాని మొదటి నుంచి చివరిదాకా పోల్చి చూస్తుంది. ఉత్త ‘ఉగాది’ అని చేరిస్తే ‘ఉగాది’కి పనిచేస్తుంది, ‘ఉగాది గిఫ్ట్’కి పనిచేయదు. మాట చివర చుక్క, నక్షత్రం గుర్తులు (.*) తగిలించాలి, తరువాత ఏమున్నా సరేనని వాటి అర్థం. ఇంకో మెలిక, చిన్న పెద్ద అక్షరాల తేడా పాటించదు. ఎఫ్‌ఐఆర్‌ని డెఫాన్‌లో చేరిస్తే, దేవదారు జాతి ఫర్ చెట్టు స్పెల్లింగ్ కూడా ఎఫ్-ఐ-ఆర్ కాబట్టి దానికీ ‘యాన్’ పడుతుంది. పొట్టి పేర్లను డెఫాన్‌లో పెట్టకుండా, లైబ్రరీని పిలవకముందే మన కోడ్‌లో తేల్చేయాలని చెప్పేది ఇందుకే.

అంకెలు ఇంకో గుంట. ఇన్‌ఫ్లెక్ట్ దృష్టిలో ఏ, ఈ, ఐ, ఓ, యూ, వై కానిదల్లా హల్లే, 8 అంకె కూడా. ‘ఎ 8-ఇయర్ వారంటీ’ అని వస్తుంది. అంకెను మాటలోకి మార్చే ఫంక్షన్ దీనిలోనే ఉంది కదా, దానితో ‘ఎయిట్’ చేసి పంపితే పోలేదా అంటే, అది లక్షలు ఎరగదు, మిలియన్లలోనే లెక్కపెడుతుంది. 11,00,000 మనకు ‘ఎలెవెన్ లాక్’, కాబట్టి ‘యాన్’. దానికి అది ‘వన్ మిలియన్ వన్ హండ్రెడ్ థౌజండ్’, కాబట్టి ‘ఎ’.

దీనికి సులువైన దారి మొదటి కామా వరకు ఉన్న అంకెల్ని మాత్రమే చూడడం. ఆ భాగం 8తో మొదలైతే ‘యాన్’. సరిగ్గా 11 గానీ 18 గానీ అయితే ‘యాన్’. మిగతా అన్నిటికీ ‘ఎ’. 18,000కి, 11,00,000కి, 8,500కి ‘యాన్’ వస్తుంది. 1,80,000కి, 180కి, 118కి ‘ఎ’ వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో కామాలు పెట్టిన 1,100,000కి కూడా ‘ఎ’ సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే కామా ఎక్కడ పెట్టారో అక్కడే చదివే తీరు తేలిపోతుంది. కామా లేని నాలుగంకెలు 18తోగానీ 11తోగానీ మొదలైతే సంవత్సరంగా తీసుకోవాలి: 1857ని ‘ఎయిటీన్ ఫిఫ్టీ సెవెన్’ అంటాం కాబట్టి ‘యాన్ 1857 డాక్యుమెంట్’. దీనిలోంచి 1800 టోల్ ఫ్రీ నంబర్‌ని తప్పించాలి, దాన్ని ‘వన్ ఎయిట్ హండ్రెడ్’ అని పలుకుతారు.

మాట ముందు కొటేషన్ గుర్తు, బ్రాకెట్, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ ఏదున్నా లైబ్రరీకి అదీ హల్లే. కొటేషన్‌లో ఉన్న ‘ఆపిల్’కి ‘ఎ’ పెడుతుంది. అచ్చు మీద ఫ్రెంచి గుర్తు ఉన్న మాటలకూ అంతే. గుర్తులన్నీ ఒలిచేసి లోపలి మాటను పంపి, ఆర్టికల్ తెచ్చి బయట అంటించాలి. ఎక్సెల్‌లో ఖాళీ గడి ఉంటే కొత్త వెర్షన్లు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి, ముందే వడపోయండి. ‘ఎ’ ఫంక్షన్‌కి మాటతో పాటు సంఖ్య కూడా ఇవ్వొచ్చు, కానీ 2 ఇస్తే ‘2 క్యాట్’ అనే వస్తుంది, బహువచనం చేయదు.

ఇప్పుడు రీప్లేసర్ సంగతి, అంటే డాక్యుమెంట్‌లో ఆర్టికల్‌ని మార్చిపెట్టే కోడ్ సంగతి. టెంప్లేట్ మన చేతిలో ఉంటే ఆర్టికల్ స్థానంలో ఒక గుర్తు పెట్టి, హోదా దిగాక ఆ గుర్తును ‘ఎ’గానో ‘యాన్’గానో మార్చడం అన్నిటికంటే భద్రం. ఆర్టికల్‌ని నిర్ణయించేది వెంటనే వచ్చే మాట. ‘ఆనెస్ట్ ఆఫీసర్’లో ఆఫీసర్‌ని ‘క్లర్క్’గా మార్చినా ‘యాన్’ అలాగే ఉండాలి, ఎందుకంటే పక్కనున్నది ఆనెస్ట్. నామవాచకాన్ని చూసి ఆర్టికల్ మార్చే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది, అది మొదటి విశేషణం రాగానే కూలిపోతుంది.

ఎప్పుడో రాసేసిన డాక్యుమెంట్లో వెతికి దిద్దాలంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ‘ఎ’ కనబడ్డ ప్రతిచోటా పక్క మాటను చూసి దిద్దే కోడ్‌కి ‘గ్రూప్ ఏ ఆఫీసర్’ ఇచ్చి చూడండి. ఆ ఏ కూడా ఆర్టికలే అనుకుని ‘గ్రూప్ యాన్ ఆఫీసర్’ చేసి పెడుతుంది. ‘హెపటైటిస్ ఏ ఇన్‌ఫెక్షన్’, ‘బ్లాక్ ఏ ఎంట్రన్స్’, ‘సెక్షన్ ఏ ఆన్సర్స్’ అన్నీ ఇలాగే చెడిపోతాయి. ఒక్క షరతు వీటన్నిటినీ కాపాడుతుంది: వాక్యం మధ్యలో పెద్ద ఏ అక్షరం ఒంటరిగా కనిపిస్తే ముట్టుకోవద్దు. ఆర్టికల్ అయితే వాక్యం మధ్యలో చిన్నదిగానే ఉంటుంది. పెద్ద అక్షరాల శీర్షికలు ఎలాగూ పక్కన పెట్టాం. ‘ఎ’ తరువాత కనీసం ఒక ఖాళీ ఉండాలనే షరతు కూడా పెడితే ఏ.పి. లాంటి చుక్కల పేర్లు తప్పించుకుంటాయి. ఉన్న ఖాళీని యథాతథంగా ఉంచండి. లైన్ మారే చోట దాన్ని మామూలు స్పేస్‌గా మార్చేస్తే పేజీ అమరిక కదిలిపోతుంది.

జాబితాలు రాసుకునేటప్పుడు తెలుగువాళ్లకు ఒక వసతి ఉంది. ఇంగ్లిష్ మాటను తెలుగు లిపిలో రాస్తే మొదటి అక్షరం అచ్చో హల్లో కళ్లకు కనిపిస్తుంది. అవర్, ఎల్‌ఐసీ, ఎఫ్‌ఐఆర్ అచ్చుతో మొదలయ్యాయి, ‘యాన్’. యూపీఐ, యూరోపియన్, వన్-డే హల్లుతో మొదలయ్యాయి, ‘ఎ’. ఇంత సులువైన పరీక్ష ఇంగ్లిష్ లిపిలో దొరకదు. అయితే మన రాత అలవాట్లు నాలుగు చోట్ల దీన్ని పాడుచేస్తాయి. ‘ఇయర్’ అని రాస్తే చెవో సంవత్సరమో తెలియదు. చెవికి ‘యాన్’, సంవత్సరానికి ‘ఎ’. ‘ఉమెన్స్ కాలేజ్’ అని ఉతో రాస్తాం, అసలు శబ్దం వకారం కాబట్టి ‘ఎ’. యస్.ఐ., యం.ఎల్.ఏ. అని పాత పద్ధతిలో య పెట్టి రాసేవాళ్లు ఉన్నారు, అక్కడ యని ఎగా చదువుకోవాలి. నాలుగోది హెచ్. మన నోట అది హకారంతోనే మొదలవుతుంది. ఇంగ్లిష్ నిఘంటువులు ఇచ్చే ప్రామాణిక ఉచ్చారణ ‘ఎయిచ్’ కాబట్టి ‘యాన్ హెచ్‌ఆర్ మేనేజర్’ అని రాయడమే సబబు. ఇన్‌ఫ్లెక్ట్ కూడా అదే ఇస్తుంది.

ఇన్‌ఫ్లెక్ట్‌కి బదులు ఇంకేమున్నాయంటే, జావాస్క్రిప్ట్‌లో, సీ షార్ప్‌లో పనిచేసేవాళ్లకు ఎ-వర్సెస్-యాన్ అనే చిన్న లైబ్రరీ ఉంది. వికీపీడియా వ్యాసాల్లో ఏ అక్షరాల ముందు ఏ ఆర్టికల్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి తయారుచేశారు. లోకం ఎలా రాస్తే అలా చెబుతుంది కాబట్టి పొట్టి పేర్ల విషయంలో ఈ పద్ధతికే మా మొగ్గు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉచ్చారణ నిఘంటువు మరో దారి. దానిలో లక్షా 30 వేలకు పైగా మాటలున్నాయి. అచ్చు శబ్దాల చివర ఊనిక చెప్పే అంకె ఉంటుంది, కాబట్టి మొదటి శబ్దం చివర అంకె కనిపిస్తే ‘యాన్’, లేకపోతే ‘ఎ’. ఇంత సూటి పద్ధతి మరొకటి లేదు, కానీ ఉగాదిని, ఎంఈఓని దానిలో వెతకడం వృథా. పూర్తయిన డాక్యుమెంట్‌ని ఒకసారి చూసుకోవడానికైతే లాంగ్వేజ్‌టూల్ చాలు. అది ‘ఎ’కి ఒకటి, ‘యాన్’కి ఒకటి చొప్పున మినహాయింపుల జాబితాలు పెట్టుకుని పనిచేస్తుంది.

మా లెక్కలో ఇన్‌ఫ్లెక్ట్‌కి మామూలు మాటల విషయంలో 5కి 5, పొట్టి పేర్లకు 2, అంకెలకు 1. పైన చెప్పిన కాపలా కోడ్ అంతా కలిపి 50 లైన్ల లోపే ఉంటుంది. రాశాక వీటిని పరీక్షగా పెట్టండి: అవర్, యూనిఫాం, అన్‌ఇన్‌ఫార్మ్‌డ్, ఎంఏ, ఎంబీఏ, ఎఫ్‌ఐఆర్, ఫర్ చెట్టు, నాబార్డ్, యూపీఐ, ఉడాన్, ఉగాది, యునానీ, 8, 18,000, 1,80,000, 11,00,000, కొటేషన్‌లో ఆపిల్, గ్రూప్ ఏ ఆఫీసర్. ఈ పద్దెనిమిదీ గట్టెక్కితేనే సర్టిఫికెట్లు ప్రింటర్‌కి పంపండి. ఇన్‌ఫ్లెక్ట్ కొత్త వెర్షన్ దించుకున్న ప్రతిసారీ ఇవే మళ్లీ నడపండి.